ఏడో అడుగు స్నేహానిది: రాజ్యలక్ష్మమ్మ, వీరేశలింగం గారి దాంపత్యం

సప్తపది గురించి మాట్లాడుకునేటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఏడో అడుగు దేనికి? పెద్దలు చెప్పే సమాధానం చిన్నదే, స్నేహానికి. అన్నం, బలం, సంతానం లాంటివన్నీ ముందు అడుగుల్లో కోరుకుని, చివరికి భార్యాభర్తలు స్నేహితులవుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ ఏడో అడుగు నిజంగా వేసిన జంట ఎలా ఉంటుందో చూడాలంటే, ఒకసారి 19వ శతాబ్దపు రాజమండ్రికి వెళ్లాలి.

కందుకూరి వీరేశలింగం గారు 1848లో రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోయారు. తల్లి పున్నమ్మ గారు, పెదనాన్న కలిసి పెంచారు. 1861లో, 13 ఏళ్ల వయసులో ఆయనకి పెళ్లి చేశారు. పెళ్లికూతురు పేరు బాపమ్మ. ఆ పిల్లకి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. అత్తవారింటికి వచ్చాక ఆమె పేరు రాజ్యలక్ష్మి అయింది.

ఇందులో ప్రేమకథ ఎక్కడుంది అనుకుంటున్నారా? ఒకరినొకరు చూసుకుని ఇష్టపడటం, పెళ్లికి ముందు మాట్లాడుకోవడం లాంటివేమీ లేవు. ఇద్దరు పిల్లల చేతులు పెద్దవాళ్లు కలిపారు, అంతే. వాళ్లు ఒకరినొకరు ఎంచుకున్నది ఆ తర్వాత, ఇరవై ఏళ్లు గడిచాక.

ఈలోగా ఆయన బడిపంతులు అయ్యారు. ధవళేశ్వరంలో ఉండగా 1874లో వివేకవర్ధని అనే పత్రిక మొదలుపెట్టారు, ఆడపిల్లల కోసం బడి పెట్టారు. తర్వాత రాజమండ్రికి తిరిగి వచ్చేశారు. ఆ రోజుల్లో ఐదారేళ్లకే పెళ్లిళ్లు చేసేవారు. భర్త పోతే, ఆ పిల్లకి అతని ముఖం కూడా గుర్తుండకపోయినా సరే, జీవితమంతా తల గొరిగించుకుని ఒక మూల కూర్చోవాల్సిందే. పునర్వివాహం చెల్లుతుందని 1856లోనే చట్టం వచ్చింది. కానీ చట్టం కాగితం మీద ఉంది, ఊరు మాత్రం ఒప్పుకోలేదు. 1879లో వీరేశలింగం గారు బహిరంగ సభ పెట్టి, ఇలాంటి పెళ్లికి శాస్త్రంలోనే చోటుందని వాదించారు. పండితులు ఖండించారు, ఆయన మళ్లీ జవాబు చెప్పారు. ధర్మాన్ని వదిలేయమని ఆయన అనలేదు. ధర్మం పేరు చెప్పి పసిపిల్లలని ఏడిపించొద్దన్నారు.

వాదన వరకైతే ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష 1881 డిసెంబరు 11న వచ్చింది. ఆ రాత్రి రాజమండ్రిలో, వాళ్ల సొంత ఇంట్లోనే, గౌరమ్మ అనే బాలవితంతువుకి గోగులపాటి శ్రీరాములు గారితో పెళ్లి జరిగింది. విద్యార్థులు కాపలా కాశారు, పోలీసు బందోబస్తు పెట్టాల్సి వచ్చింది. నాలుగు రోజులకే రెండో పెళ్లి కూడా చేశారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు.

తర్వాతే అసలు కష్టం మొదలైంది. పెళ్లికి వచ్చినవాళ్లని, చేయించినవాళ్లని వెలివేశారు. వెలి అంటే ఇప్పుడు మనకి సోషల్ మీడియాలో ఎవరో బ్లాక్ చేసినట్టు అనిపించొచ్చు. అది కాదండి. శుభకార్యానికి ఎవరూ పిలవరు, మీ ఇంటికి పురోహితుడు రాడు, బంధువులు గడప తొక్కరు. వంటమనిషి మానేస్తాడు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేస్తారు. సభలో మాట్లాడేది భర్త. కానీ నీళ్లు రాని ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించాల్సింది భార్య.

పుట్టింటివాళ్లు ఆయన్ని వదిలి వచ్చేయమన్నారు. ఇక్కడే ఆమె ఎంచుకున్నారు. వెళ్లలేదు. బిందె పట్టుకుని గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నారు. పెళ్లిళ్లకి వంటవాళ్లు రాకపోతే తానే వంట చేశారు, వచ్చిన అందరికీ వడ్డించారు. దిక్కులేక ఇల్లు చేరిన వితంతువులని సొంత పిల్లల్లా చూసుకున్నారు. ఆ దంపతులకి పిల్లలు లేరు. కానీ ఆ ఇల్లు ఎప్పుడూ ఖాళీగా లేదు.

ఒకటి రెండేళ్లు కాదు, దాదాపు ముప్పై ఏళ్లు ఇలాగే గడిచాయి. వాళ్ల ప్రయత్నంతో సుమారు 40 వితంతు వివాహాలు జరిగాయి. అలా పెళ్లి చేసుకున్నవాళ్లకి కొత్త సంసారం పెట్టించాలి, ఊళ్లో చోటు చూపించాలి, పురుడు వస్తే చూసుకోవాలి. ఆ బరువు చాలావరకు రాజ్యలక్ష్మమ్మ గారిదే. తర్వాతి కాలంలో ఆయన బ్రహ్మసమాజం వైపు మొగ్గారు. 1906లో హితకారిణి సమాజం స్థాపించి, తన ఆస్తిని దానికి రాసిచ్చారు. ఇల్లూ వాకిలీ ఊరి పనికి ఇచ్చేస్తానంటే ఎంతమంది ఇల్లాళ్లు ఒప్పుకుంటారు? ఆమె అడ్డు చెప్పలేదు.

1910 ఆగస్టులో ఆమె వెళ్లిపోయారు. దాదాపు 49 ఏళ్ల కాపురం. ఆ తర్వాత ఆయన తొమ్మిదేళ్లు బతికి, 1919 మే నెలలో మద్రాసులో కన్నుమూశారు. పుస్తకాల్లో ఆయన పేరు పక్కన గద్య తిక్కన, యుగకర్త అనే బిరుదులు కనిపిస్తాయి. ఆమె పేరు పక్కన ఏ బిరుదూ కనిపించదు.

మనం సహధర్మచారిణి అనే మాటని పెళ్లి శుభలేఖల్లో అలవాటుగా చదివేస్తుంటాం. భర్త ఏం చేసినా తల ఊపేది అని దానికి అర్థం కాదు. ధర్మంలో కలిసి నడిచేది అని అర్థం. తిరిగి వెళ్లిపోయే దారి ఆమెకి ఉంది. రమ్మని పిలిచినవాళ్లూ ఉన్నారు. అయినా గోదావరి దారే పట్టారు.

మీలో కొందరు ఇప్పుడు సంబంధాలు చూస్తుండొచ్చు, కొందరికి కొత్తగా పెళ్లి అయ్యుండొచ్చు. జాతకాలు చూసుకోండి, ఉద్యోగాలు చూసుకోండి, తప్పేం లేదు. కానీ ఒక్క ప్రశ్న కూడా మనసులో పెట్టుకోండి. ఊరంతా తలుపు వేసేసిన రోజున, ఈ మనిషి కోసం నేను బిందె పట్టుకుంటానా? నా కోసం ఈ మనిషి పట్టుకుంటారా? అవును అనిపిస్తే, మీ ఏడో అడుగు సరిగ్గానే పడినట్టు.

ఈసారి రాజమండ్రి పుష్కరఘాట్‌కి వెళ్లినప్పుడు, గోదారమ్మకి దణ్ణం పెట్టుకుని, ఆ నీళ్లు మోసిన తల్లిని కూడా ఒక్కసారి తలుచుకోండి. శుభం.