మీ ప్రాజెక్టులో మూడుసార్లు ఎదురయ్యే నైక్విస్ట్

గిటార్ పెడల్‌లోని అనలాగ్ సర్క్యూట్‌ను మైక్రోకంట్రోలర్‌లో కోడ్‌గా రాయాలనుకుంటున్నారా? ఫైనలియర్‌కి మంచి ప్రాజెక్టే. అయితే అందులో హ్యారీ నైక్విస్ట్ మీకు మూడుసార్లు ఎదురవుతారు. రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసే ఈ పేరు వెనక ఓ రైతు కుటుంబపు కుర్రాడు ఉన్నాడు.

1889లో స్వీడన్‌లోని నిల్స్‌బీలో పుట్టారు. ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. 18 ఏళ్లకు అమెరికా వెళ్లారు. నార్త్ డకోటా యూనివర్సిటీలో డిగ్రీ పూర్తయింది 1914లో, అంటే 25 ఏళ్లకు. 1917లో యేల్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసి ఏటీ అండ్ టీలో చేరేసరికి 28 ఏళ్లు. ఆలస్యమైపోయిందని దిగులుపడేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోండి.

అక్కడ ఆయన ముందున్నవి కంపెనీ రోజువారీ సమస్యలే. ఒక టెలిగ్రాఫ్ లైన్ మీద సెకనుకు ఎన్ని పల్స్‌లు పంపొచ్చు? బ్యాండ్‌విడ్త్‌కు రెట్టింపు వరకే అని 1928లో తేల్చారు. ఆ పునాది మీదే 1949లో క్లాడ్ షానన్ శాంప్లింగ్ సిద్ధాంతాన్ని నిలబెట్టారు. మీ బోర్డు సెకనుకు 44,100 శాంపిళ్లు తీసుకుంటే 22,050 హెర్ట్జ్ దాకానే సరిగ్గా పట్టుకోగలదు. డిస్టార్షన్ కోడ్‌లో 10,000 హెర్ట్జ్ సిగ్నల్‌ను క్లిప్ చేస్తే 30,000 హెర్ట్జ్ హార్మోనిక్ పుడుతుంది. అది మడతపడి 14,100 దగ్గర వినిపిస్తుంది. అనలాగ్ పెడల్‌లో ఈ గోల ఉండదు.

రెండోది నాయిస్. రెసిస్టర్‌లో వేడి వల్ల పుట్టే నాయిస్‌ను సహోద్యోగి జాన్సన్ కొలిస్తే, దాని లెక్కను నైక్విస్ట్ వివరించారు. గది ఉష్ణోగ్రతలో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ నుంచి 20 కిలోహెర్ట్జ్ పరిధిలో సుమారు 1.8 మైక్రోవోల్టులు వస్తుంది. కోడ్‌లోని రెసిస్టర్‌కు అది ఉండదు, ఏడీసీ ముందున్న అసలు రెసిస్టర్‌కు మాత్రం తప్పదు.

మూడోది ఫీడ్‌బ్యాక్. యాంప్లిఫయర్ ఎప్పుడు నిలకడగా ఉంటుంది, ఎప్పుడు అదుపు తప్పి ఊళ వేస్తుంది? 1932లో దీనికి గ్రాఫ్‌తో తేల్చే పద్ధతి ఇచ్చారు. మీ డిజిటల్ ఫిల్టర్ కూడా పాత అవుట్‌పుట్‌ను మళ్లీ లోపలికి తీసుకుంటుంది. కోఎఫిషియంట్ తప్పితే విలువ పెరిగిపోతూనే ఉంటుంది. గీసే గ్రాఫ్ మారినా, అడగాల్సిన ప్రశ్న అదే.

1934లో బెల్ ల్యాబ్స్‌కు మారి 1954లో రిటైరయ్యే నాటికి ఆయన పేరిట 138 పేటెంట్లు ఉన్నాయి. అక్కడ ఎక్కువ పేటెంట్లు సాధించినవాళ్లలో ఉమ్మడి లక్షణం ఏమిటని వెతికితే, వాళ్లు తరచూ నైక్విస్ట్‌తో కలిసి భోంచేసేవాళ్లని తేలిందట. ఎదుటివాళ్లను ఆలోచింపజేసే ప్రశ్నలు అడగడం ఆయన ప్రత్యేకత. 1976లో టెక్సస్‌లో కన్నుమూశారు.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి చెప్పేటప్పుడు ఫార్ములా అప్పజెప్పడంతో ఆగకండి. శాంప్లింగ్ రేటు అంతే ఎందుకు పెట్టారు, నాయిస్ ఎక్కడిది, ఫిల్టర్ ఎందుకు అదుపు తప్పలేదు? ఈ మూడింటినీ ముందే మీకు మీరు వేసుకుని వెళ్లండి.