నవ్వులు పంచిన చిలకమర్తి వారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. ఈమధ్య కంటి శుక్లం ఆపరేషన్ అయి కట్టుతో పడుకున్న రోజుల్లో నాకు పదే పదే గుర్తుకు వచ్చినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. వారి గురించే నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను చిలకమర్తి వారిని చదవడానికి ముందే రేడియోలో విన్నాను. మాది పోచంపల్లి. నాయిన మగ్గం నేసేవాడు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం వారి గణపతి నాటకం వచ్చే పూట మా వాడలో మగ్గాల చప్పుడు ఆగిపోయేది. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద అందరం చేరేవాళ్ళం. గణపతిగా నండూరి సుబ్బారావు గారి గొంతు వినబడగానే నవ్వులు మొదలు. గోదావరి మాట మాకు సగమే అర్థమయ్యేది. అయినా మా నాయిన కండ్లు తుడుచుకుంటూ నవ్వేవాడు.

చిలకమర్తి వారు 1867 సెప్టెంబరు 26న గోదావరి ప్రాంతంలోని ఖండవల్లిలో జన్మించారు. చిన్నతనం నుంచే రేచీకటి. రానురాను చూపు పూర్తిగా పోయింది. వారు చెబుతుంటే ఇతరులు వ్రాసిపెట్టేవారు. గయోపాఖ్యానం నాటకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. తరువాతి కాలంలో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు చిన్న వయసులో వీరి నాటకాలలో వేషాలు కట్టారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులో వినిపించినది వీరే. 1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. 1946 జూన్ 17న కన్నుమూశారు. విజయవాడ రేడియో కేంద్రం మొదలైనది 1948 డిసెంబరులో. తన గణపతి ఇంటింటా పలకడం వారు వినలేకపోయారు.

గణపతి నవల 1920లో వచ్చింది. చదువు అబ్బని, పని చేయని, గొప్పలు మాత్రం తగ్గని ఒక బ్రాహ్మణ యువకుని కథ అది. ఎవరు నొచ్చుకుంటారోనని జంకకుండా, తాను పుట్టిన కులంలోని సోమరితనాన్ని, డంబాన్ని ఎగతాళి చేశారు.

ఆపరేషన్ తరువాత మా మనుమరాలు నాకు ఆ నవల చదివి వినిపించింది. గణపతి వికారపు రూపాన్ని వర్ణించిన చోట ఆగి, తాతా, మనిషి ఆకారాన్ని చూసి నవ్వడం తప్పు కదా అని అడిగింది. తప్పే బిడ్డా అన్నాను. ఈనాటి వారు అట్లా వ్రాయకూడదు. కాని ఆ వ్రాసినవాడు కూడా చూపు లేనివాడే అని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

మాటల మార్పు సంగతి గుమాస్తాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మేము సర్వీసులో ఉన్నప్పుడు గుడ్డి, కుంటి అనే మాటలు ఫైళ్ళలోకి రాకూడదు, వికలాంగులు అని వ్రాయాలి. నేను రిటైరయ్యాక, 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగం తరువాత దివ్యాంగులు అనే మాట వచ్చింది. ఈ మార్పులను నేను వెక్కిరించను. మా నల్లగొండ పల్లెల్లో దొర ముందు నీ బాంచెను అని వంగే రోజులు పోవడం ఎంత పెద్ద సంగతో మా పెద్దలను చూసినవాడిని.

కాని ఒక తప్పు ఒప్పుకోవాలి. చూపు లేని ఒక నేత కార్మికుడు సర్టిఫికెట్ కోసం మా ఆఫీసుకు వచ్చేవాడు. నోట్ ఫైలులో అతని గురించి ఎంతో మర్యాదగా వ్రాశాను. ఎదుటికి వచ్చినప్పుడు మాత్రం రేపు రా అన్నాను. అట్లా నాలుగుసార్లు తిప్పాను. కంటికి కట్టుతో, బాత్రూముకు కూడా ఒకరి చెయ్యి పట్టుకుని నడిచిన రోజున అతడు నాకు గుర్తుకు వచ్చాడు.

చిలకమర్తి వారు 1909లో రాజమహేంద్రవరంలో, ఊరు దూరం పెట్టిన దళితుల పిల్లల కోసం రామమోహన పాఠశాల పెట్టారు. దానిని ఏళ్ళ తరబడి నడిపారు. తన వారిని చూసి నవ్విన మనిషి, అందరూ వెలివేసిన వారికి బడి కట్టాడు. వారి హాస్యంలో మొరటుతనం ఉంటే ఉండవచ్చు. వారి చేతలలో అది లేదు. నాది మాత్రం మాట మెత్తన, చేత మొరటు.

పెన్షనర్లమైన మనకు కండ్లు, చెవులు, మోకాళ్ళు ఒక్కొక్కటిగా మొరాయిస్తున్నాయి. మనలో ఇంకా తిరగగలవారు తిరగలేనివారి పనులకు కొంచెం తోడు నిలిస్తే, అదే ఆ మహానుభావునికి మనమిచ్చే నివాళి అని నా మనవి.

సెలవు.