షాక్లీ పేటెంటు

ఫస్టియర్‌లో ట్రాన్సిస్టర్ బొమ్మ బట్టీ పట్టి పాసైపోయినవాళ్లలో నేనొకణ్ణి. మొన్న సెమినార్‌కి నాకు అయాన్ ఇంప్లాంటేషన్ పడింది. తవ్వుకుంటూ పోతే 1954లో వేసిన ఒక పేటెంటు దగ్గర ఆగాను. వేసింది విలియం షాక్లీ. ట్రాన్సిస్టర్‌కి నోబెల్ వచ్చినాయన అని తెలుసు, మిగతాది తెలీదు.

1910లో లండన్‌లో పుట్టాడు, అమ్మానాన్నలు అమెరికన్లు. పెరిగింది కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో. ఎనిమిదేళ్లదాకా ఇంట్లోనే చదువు. స్టాన్‌ఫర్డ్‌లో టెర్మన్ అనే ప్రొఫెసర్ తెలివైన పిల్లల్ని ఏరడానికి ఐక్యూ పరీక్షలు పెడితే, షాక్లీ అందులో సెలెక్ట్ కాలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

కాల్‌టెక్, ఎంఐటీ, తర్వాత బెల్ ల్యాబ్స్. 1947 డిసెంబర్‌లో బార్డీన్, బ్రాటెయిన్ మొదటి ట్రాన్సిస్టర్‌ని పనిచేయించారు. వాళ్ల గ్రూప్‌కి పెద్ద షాక్లీనే, కానీ ఆ ప్రయోగంలో ఆయన చెయ్యి లేదు. అది మింగుడుపడలేదు. కొన్ని వారాల్లోనే ఒంటరిగా కూర్చుని, దానికంటే మెరుగైన జంక్షన్ ట్రాన్సిస్టర్‌ని కాగితం మీద పెట్టేశాడు. కుళ్లుతో కూడా ఇంత గొప్ప పని అవుతుందా అనిపించింది నాకు! 1956లో నోబెల్ మాత్రం ముగ్గురికీ కలిపే ఇచ్చారు.

ఇక పేటెంటు. సిలికాన్‌లో బోరాన్ లాంటిది కొంచెం కలిస్తేనే అది మన మాట వింటుంది. అప్పట్లో కొలిమిలో పెట్టి నెమ్మదిగా ఇంకనిచ్చేవారు. షాక్లీ ఆలోచన వేరు: ఆ పరమాణువులకి చార్జ్ ఇచ్చి, వేల వోల్టులతో తోసి, బుల్లెట్లలా లోపలికి కొట్టడం. ఎంత లోతుకి వెళ్లాలో వోల్టేజ్ చెబుతుంది, ఎన్ని దిగాయో కరెంటు చెబుతుంది. చిక్కేంటంటే, ఆ దెబ్బలకి సిలికాన్ పరమాణువులు వరస తప్పిపోతాయి. తర్వాత వేడి చేస్తే మళ్లీ సర్దుకుంటాయి. ఫ్యాక్టరీల్లో ఈ పద్ధతి నిలదొక్కుకునేసరికి డెబ్భైలు వచ్చాయి. ఇప్పుడు మన ఫోన్ చిప్పులన్నీ ఈ దెబ్బలు తిన్నవే.

నాకు బాగా నచ్చింది దీని కొత్త వాడకం. సిలికాన్ అయాన్లని సిలికాన్ డయాక్సైడ్ పొరలోకి కొట్టి, సుమారు 1100 డిగ్రీల దగ్గర వేడి చేస్తే, ఎక్కువైన సిలికాన్ గుంపులు కట్టి కొన్ని నానోమీటర్ల స్ఫటికాలవుతుంది. మామూలుగా వెలుగివ్వడానికి మొరాయించే సిలికాన్, వాటి మీద లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది.

మనుషుల దగ్గరికొస్తే ఆయనకి కొట్టడమే తెలుసు. 1956లో మౌంటెన్ వ్యూలో సొంత ల్యాబ్ పెట్టి, దేశంలోని మెరికల్లాంటి కుర్రాళ్లని తెచ్చుకున్నాడు. ఆఫీసులో ఒకామెకి వేలు కోసుకుంటే, ఎవరో కావాలని చేశారని ఉద్యోగులకి లై డిటెక్టర్ పెట్టించబోయాడు. 1957లో ఎనిమిది మంది ఒకేసారి వెళ్లిపోయి ఫెయిర్‌చైల్డ్ పెట్టుకున్నారు. వాళ్లలో ఇద్దరు 1968లో ఇంటెల్ మొదలుపెట్టారు.

తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉంటూ, తెలివి రక్తంలో ఉంటుందని, నల్లవాళ్లకి పుట్టుకతోనే తక్కువని ప్రచారం చేశాడు. ఐక్యూ తక్కువున్నవాళ్లకి డబ్బిచ్చి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలన్నాడు. జెనెటిక్స్ ఆయన చదువుకున్న సబ్జెక్టే కాదు. ర్యాంకుల గొడవ వచ్చినప్పుడల్లా మెరిట్ పుట్టుకతో వస్తుందనే మాట మా హాస్టల్లోనూ వింటుంటాను. ఒక ఫ్రెండ్ ముందే ఎవరో అంటే, వాడు తలొంచుకున్నాడు, నేను ఫోన్ చూసుకుంటూ ఊరుకున్నాను.

1989లో షాక్లీ పోయాడు. ఆ సంగతి సొంత పిల్లలకి పేపర్లో చూసి తెలిసిందట.

సెమినార్‌లో పేటెంటు గురించి నాలుగు స్లైడ్లు పెట్టాను. ఐదోది టెర్మన్ పరీక్ష సంగతి. రిహార్సల్లో చూసినవాళ్లు టాపిక్‌కి సంబంధం లేదు, తీసేయమన్నారు. తీయలేదు.