ధిక్కార కవి పఠాభి

పెన్నానది బంగాళాఖాతంలో సంగమించే నెల్లూరు సీమ కవులకు పుట్టినిల్లు. 13వ శతాబ్దంలో మహాభారతాన్ని తెలుగు పద్యాలలో మలచిన తిక్కన సోమయాజి నడయాడిన నేల అది. అదే నెల్లూరులో, దాదాపు ఏడు వందల సంవత్సరాల తరువాత, పద్యంపై తిరుగుబాటు ప్రకటించిన కవి ఉదయించడం విశేషం. ఆయనే పఠాభి. అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1919 ఫిబ్రవరిలో ఒక సంపన్న కుటుంబంలో ఆయన జన్మించారు.

పఠాభి శాంతినికేతనంలోను, కలకత్తాలోను విద్యాభ్యాసం చేశారు. ఉన్నత విద్యకోసం అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి కూడ వెళ్ళారు. ఆయన యౌవనకాలంలో తెలుగునాట భావకవిత్వం రాజ్యమేలుతున్నది. వెన్నెల, విరహం, ఊహాసుందరి కవితావస్తువులుగా వెలుగొందుతున్నాయి. యువకుడైన పఠాభికి ఆ మార్గం రుచించలేదు. ఆయన దృష్టి పాశ్చాత్య నవ్యకవిత్వంపైకి మళ్ళింది.

ఆ నవ్యతకు ప్రధాన కేంద్రాలలో ఒకటి ఫ్రాన్సు దేశం. పారిస్ నగరజీవితంలోని వెలుగునీడలను కవిత్వంలోకి తెచ్చిన బోదిలేర్ మహాకవికి 1857లో న్యాయస్థానం జరిమానా విధించి, ఆరు కవితలను నిషేధించింది. 1924లో ఆంద్రే బ్రెతాన్ అధివాస్తవికతా ప్రణాళికను ప్రకటించాడు. కవిత్వాన్ని మార్చడంతో తృప్తిపడక సమాజాన్నీ మార్చాలని ఆ కవులు సంకల్పించారు. 1927లో బ్రెతాన్, ఆరగాన్, ఎల్యూఆర్ కమ్యూనిస్టు పార్టీలో చేరారు. అయితే కవి స్వేచ్ఛకు, పార్టీ క్రమశిక్షణకు మధ్య పొత్తు కుదరలేదు. బ్రెతాన్ కొద్ది సంవత్సరాలకే పార్టీకి దూరమయ్యాడు. ఆరగాన్ పార్టీలోనే నిలిచాడు. కవిత్వంలోని తిరుగుబాటు జీవితంలో ఏ రూపం ధరించాలి అన్న ప్రశ్న వారిని విడదీసింది.

ఆ నవ్యతాపవనాలు తెలుగు సాహిత్యంలోనూ వీచాయి. అధివాస్తవికతను తెలుగువారికి పరిచయం చేసినవారిలో శ్రీశ్రీ ముఖ్యుడు. 1939లో పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ అనే కావ్యాన్ని వెలువరించగా, దానికి పరిచయవాక్యాలు రాసినవాడు శ్రీశ్రీయే. అప్పటికి పఠాభి వయస్సు ఇరవై సంవత్సరాలు మాత్రమే. పేరులోనే తెలుగు, ఇంగ్లీషు పదాలను కలగలిపి ఆయన పండితలోకాన్ని ఉలికిపాటుకు గురిచేశారు. వ్యాకరణ నియమాలను, ఛందస్సును బాహాటంగా ధిక్కరించారు. బోదిలేరుకు పారిస్ ఎట్లాగో, పఠాభికి మద్రాసు నగరం అట్లా కవితావస్తువయింది. కొందరు మెచ్చుకొన్నారు, మరికొందరు పరిహసించారు. వచనకవిత్వ చరిత్రలో మాత్రం ఆ చిన్న పుస్తకానికి స్థిరమైన స్థానం లభించింది.

అయితే నియమాలను కాగితంపై ఉల్లంఘించడం ఒక ఎత్తు, సమాజంలో ఎదిరించడం మరొక ఎత్తు. ఫ్రెంచి కవుల ముందు నిలిచిన ప్రశ్నే పఠాభి ముందూ నిలిచింది. దానికి ఆయన రామమనోహర్ లోహియా సోషలిస్టు సిద్ధాంతంలో సమాధానం వెదుక్కొన్నారు. కులవ్యవస్థను నిర్మూలించనిదే సమానత్వం సిద్ధించదన్న లోహియా బోధ ఆయనను, ఆయన భార్య స్నేహలతారెడ్డిని గాఢంగా ప్రభావితం చేసింది. స్నేహలత ప్రతిభావంతురాలైన రంగస్థల నటి. మద్రాసులో ‘మద్రాస్ ప్లేయర్స్’ నాటకసంస్థ స్థాపకులలో ఆమె ఒకరు.

పఠాభి అప్పటికే చలనచిత్రరంగంలో ప్రవేశించి, 1958లో కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ నిర్మాణంలో పాలుపంచుకొన్నారు. 1970లో యు.ఆర్. అనంతమూర్తి నవల ఆధారంగా కన్నడంలో ‘సంస్కార’ చిత్రాన్ని నిర్మించి, స్వయంగా దర్శకత్వం వహించారు. ఆచారాలను మంటగలిపిన ఒక వ్యక్తి అగ్రహారంలో మరణిస్తాడు. అతని అంత్యక్రియలు ఎవరు జరపాలన్నదే అందులోని సమస్య. గిరీశ్ కర్నాడ్, స్నేహలత ప్రధానపాత్రలు ధరించారు. సెన్సారు అధికారులు మొదట ఆ చిత్రాన్ని నిషేధించారు. నిషేధం తొలగిన పిదప అదే చిత్రం ఆ సంవత్సరపు జాతీయ ఉత్తమ చిత్రంగా పురస్కారం పొందింది.

1975 జూన్‌లో దేశంలో అత్యవసర పరిస్థితి విధించబడింది. పౌరహక్కులు హరించబడ్డాయి. రహస్య పోరాటం సాగిస్తున్న సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌కు పఠాభి దంపతులు సన్నిహితులు. బరోడా డైనమైటు కేసుకు సంబంధించి 1976 మే నెలలో పోలీసులు స్నేహలతను నిర్బంధించి బెంగుళూరు కారాగారంలో ఉంచారు. ఆమె ఉబ్బసవ్యాధిగ్రస్తురాలు. సరైన చికిత్స లభించక ఆరోగ్యం క్షీణించింది. ఎనిమిది నెలల తరువాత, 1977 జనవరి 15న పెరోలుపై విడుదలయ్యారు. అయిదు రోజులకే, జనవరి 20న కన్నుమూశారు. ఆమెపై ఏ నేరమూ రుజువు కాలేదు. చెరసాలలో ఆమె రాసుకొన్న దినచర్య మరణానంతరం గ్రంథరూపంలో వెలువడింది.

అంతటి దుఃఖంలోనూ పఠాభి తన మార్గాన్ని వీడలేదు. చిత్రాలను రూపొందించారు. తిరిగి కవిత్వం వైపు మళ్ళి, 1978లో ‘కైత నా దయిత’ను వెలువరించారు. 2006 మే 6వ తేదీన బెంగుళూరులో పరమపదించారు.

ఇరవయ్యేళ్ళ ప్రాయంలో పద్యంపై ఎత్తిన ధిక్కారపతాకను పఠాభి ఆ తరువాత కులంపైనా, నిరంకుశత్వంపైనా ఎత్తారు. మొదటిదానికి లభించినవి పండితుల పరిహాసాలు మాత్రమే. చివరిదానికి ఆ కుటుంబం ఒక ప్రాణాన్నే మూల్యంగా చెల్లించింది. ఆయన కవితలను నేడు చదివే విద్యార్థి వాటిలోని కొంటెతనాన్ని చూసి నవ్వుకోవచ్చు. ఆ కొంటెతనం వెనుక ఉన్న ధైర్యాన్ని గుర్తించినప్పుడే పఠాభి మనకు పూర్తిగా అర్థమవుతారు.