నేపాళ మాంత్రికుడూ ఆయనే, ఘటోత్కచుడూ ఆయనే

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగి కొత్తపేట వైపు నడిచి చూడండి. ఫుట్‌పాత్ పొడుగునా స్పైడర్‌మ్యాన్ స్కూలు బ్యాగులూ, బ్యాట్‌మ్యాన్ బనియన్లూ, ప్లాస్టిక్ ముఖాలూ వేలాడుతుంటాయి. ఎల్.బి. నగర్ చౌరస్తా దాకా అక్కడక్కడా ఇదే సరుకు. తల్లి కొంగు పట్టుకొని బేరం ముగిసేదాకా ఎదురుచూసే పిల్లవాడు ఆ పేర్లన్నీ తడుముకోకుండా ఒప్పజెప్తాడు. ఆ వరసలో ఘటోత్కచుడి ముఖం మాత్రం నాకు ఇంతవరకు కనబడలేదు.

ఒకరాత్రి మా గదిలో దీని మీదే వాదన పెట్టుకున్నాం. మనకు సూపర్ హీరోలు లేరు, విలన్లు అసలే లేరు, అంతా అమెరికా దిగుమతే అని మా మిత్రుడి పట్టు. సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో అచ్చులోకి వచ్చిన మాట నిజమే. మనం కూడా 1980లో రామారావు గారి చేత సూపర్‌మ్యాన్ వేషం కట్టించాం, అదీ నిజమే. కాని 1951లోనే తెలుగు పిల్లలకు ఒక భయంకరమైన విలన్ దొరికాడు. ఆరేండ్లు తిరిగేసరికి అదే మనిషి వాళ్ళకు అత్యంత బలవంతుడైన స్నేహితుడూ అయినాడు. ఆయనే సామర్ల వెంకట రంగారావు, మనందరి ఎస్వీఆర్. ఆ రాత్రి సరిగా చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

రంగారావు గారు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి. చదువు మద్రాసు, విశాఖపట్నం, కాకినాడల్లో సాగింది. కాకినాడ పి.ఆర్. కళాశాలలో చదివింది బి.ఎస్‌సి. సైన్సు విద్యార్థులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలని మనవి, ఎందుకంటే నాటకాలన్నీ ఆర్ట్స్ వాళ్ళవే అని మన కళాశాలలో ఒక దురభిప్రాయం ఉన్నది. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంఘం ఉండేది. అంజలీదేవి, ఆదినారాయణరావు గార్లు కూడా అక్కడినుంచి వచ్చినవాళ్ళే.

చదువయ్యాక ఆయన చేసిన కొలువు అగ్నిమాపక శాఖలో. బందరు, విజయనగరాల్లో ఫైర్ ఆఫీసరుగా ఉన్నారు. సర్కారు నౌకరీ, యూనిఫారం, నెల తిరిగితే జీతం. మా ఇంట్లో అయితే దేవుడికి కొబ్బరికాయ కొట్టి అక్కడితో కథ ముగించేవాళ్ళు. ఆయన రాజీనామా ఇచ్చి సినిమాకు వెళ్ళారు. 1947లో విడుదలైన ఆ మొదటి చిత్రం వరూధిని ఆడలేదు. చేతిలో వేషం లేదు, వదిలేసిన కొలువు తిరిగి రాదు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో గుమాస్తా పనిలో కుదురుకున్నారు. తర్వాత పల్లెటూరి పిల్లలో ప్రతినాయకుడి వేషానికి పిలుపు వచ్చిందిగాని, అంతలోనే తండ్రి పోయారు. కర్మకాండ ముగించుకొని మద్రాసు చేరేసరికి ఆ వేషం వేరొకరికి వెళ్ళిపోయింది. చిన్న పాత్ర ఇస్తే అదే వేశారు. ఆయన జీవితంలో నాకు పెద్ద ఘట్టంగా తోచేది ఇదే. తరువాత వచ్చిన బిరుదులు అందరూ చెప్తారు, ఆ చిన్న వేషం సంగతి ఎవరూ ఎత్తరు.

1950లో వచ్చిన షావుకారులో సున్నం రంగడు అనే రౌడీ పాత్ర ఆయన్ని నిలబెట్టింది. ఆ చిత్రం తీసిన విజయా సంస్థ మరుసటి ఏడే కె.వి. రెడ్డి గారి దర్శకత్వంలో పాతాళభైరవి తీసింది. విజయాధినేతలు నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జూలైలో చందమామ పత్రిక పెట్టినవాళ్ళు. ఇప్పుడు చందమామ రావడం లేదుగాని, మాంత్రికుడూ, గుహా, పుర్రె, మంత్రదండం అనగానే పాతతరం కండ్ల ముందు కదిలే బొమ్మ సగం ఆ పత్రికది, సగం రంగారావు గారిది.

కథ అందరికీ తెలిసిందే. తోటమాలి కొడుకు తోటరాముడు రాజకుమారిని ప్రేమిస్తాడు. అమ్మవారికి బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడు కావాలని నేపాళ మాంత్రికుడు వెతుక్కుంటూ వస్తాడు. సూపర్‌మ్యాన్‌నీ పొలం దగ్గరి దంపతులే పెంచారట. బలవంతుణ్ణి మట్టి దగ్గరినుంచి తేవాలని రెండు దేశాల కథకులకూ తోచిందన్నమాట! అయితే సినిమా చూసి వచ్చిన పిల్లలు వీధిలో వేసిన వేషం తోటరాముడిది కాదు, మాంత్రికుడిది. ఆ వంకర నడక, మాటను నమిలి వదిలే తీరు, పింగళి నాగేంద్రరావు గారు అందించిన డింభకా అనే పిలుపు, వీటిలో ఏదీ కత్తియుద్ధం కాదు. మాంత్రికుడు ఒకసారి చచ్చిపోతాడు, శిష్యుడు సదాజప మూలికతో బతికిస్తాడు. అమెరికా బొమ్మల పుస్తకాల్లో విలన్ చచ్చి మళ్ళీ లేస్తే అబ్బురపడే మా మిత్రుడు ఇది గమనించాలి. చివరికి ఆ మహామాంత్రికుణ్ణి దెబ్బతీసింది ఏమిటి? అందంగా కనబడాలన్న ఆశ. రాజకుమారి కోసం గడ్డం తీయించుకొని మోసపోతాడు. అక్కడ రంగారావు గారి ముఖంలో కనబడేది రాక్షసుడు కాదు, వయసు మీరిన పెండ్లికొడుకు. నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది.

1957లో మాయాబజార్. పుట్టుకకు రాక్షసుడు, చేతిలో గద, ఆకాశంలో ప్రయాణం, కోరిన రూపం. సూపర్ హీరోకు ఇంతకన్నా ఏం కావాలి? అయినా ఘటోత్కచుడు తనకోసం ఏదీ అడగడు. తమ్ముడి పెండ్లి జరగాలి, అంతే. మా ఊళ్ళో పెండ్లిపందిరి వేసేదగ్గరినుంచి విస్తళ్ళు ఎత్తేదాకా భుజాన వేసుకునే పెద్దన్న ఒకడు ప్రతి ఇంటికీ ఉంటాడు. మా తాత టీవీలో ఈ సినిమా చూసినప్పుడల్లా ఘటోత్కచుణ్ణి అట్లాంటి మనిషి పేరుతోనే పిలిచేవాడు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు ఠీవిగా అడుగువేస్తే, తెరమీద లేని రంగారావు గారు కనబడతారు. ఒక మనిషి నడక ఇంకొకరి ఒంటిమీద గుర్తుపట్టేటంత ముద్ర వేయడం సామాన్యం కాదు.

ఇక రావణ, కంస, నరకాసురులు, దుర్యోధనుడు, ఎన్నని చెప్పను! 1963 నాటి నర్తనశాలలో కీచకుడికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. నాకైతే 1967 భక్త ప్రహ్లాదలోని హిరణ్యకశిపుడు ఎక్కువ. అమెరికా విలన్‌కు బలం చాలాసార్లు ప్రయోగశాలలో ప్రమాదం జరిగి వస్తుంది, మనవాడికి తపస్సు చేస్తే వస్తుంది. అంటే మన విలన్ కష్టజీవి. మనిషి వల్లా మృగం వల్లా, పగలూ రాత్రీ, ఇంటా బయటా చావు రాకూడదని షరతులన్నీ రాసుకొని, లెక్కలో మనం ఒక్క కేసు మరిచినట్టు మరిచిపోతాడు. ఆ గర్వం వెనక కొడుకు మీద ప్రేమ కూడా రంగారావు గారు దాచలేదు. చంపమని ఆజ్ఞ ఇచ్చే గొంతులోనే తండ్రి వినబడతాడు. మా మిత్రుడికి నేను చెప్పదలచింది ఇదే: మన విలన్‌కు ముసుగు లేదు, అతడు బయటినుంచి ఊడిపడలేదు, మన ఇంట్లోవాడే.

బంగారు పాప లాంటి సాంఘికాలు, దర్శకత్వం వహించిన చదరంగం, బాంధవ్యాలు వేరే వ్యాసానికి తగినవి. చివరి కాలంలో కొన్ని పౌరాణికాల్లో వేసిన అడుగే వేశారని ఒప్పుకోవాలి. ఆ అడుగునే నిర్మాతలు కొనుక్కున్నారు మరి.

1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. యాభైఆరేండ్లు. మరుసటి ఏడు యశోదకృష్ణ విడుదలైంది. అందులో ఆయన కంసుడు. మనిషి పోయాడని తెలిసిన జనం టికెట్ కొనుక్కొని, ఆయన సింహాసనం మీద కూర్చుని కృష్ణుణ్ణి చంపమని గర్జిస్తుంటే మళ్ళీ భయపడ్డారు.