కోసినా రంగు మారని నిమ్మపండు: ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి జీవితకథ

యాపిల్ పండును కోసి పళ్లెంలో పెడితే కాసేపటికి గోధుమరంగుకు తిరుగుతుంది. అరటిపండు, వంకాయ, బంగాళాదుంప కూడా అంతే. నిమ్మపండు మాత్రం కోసినా రంగు మారదు. వంటింట్లో అడుగు పెట్టిన ప్రతివారికీ తెలిసిన సంగతే ఇది. ఎందుకని అడిగి, ఆ ప్రశ్నను పట్టుకుని ఏండ్ల తరబడి దేశాలు తిరిగిన మనిషి మాత్రం ఒక్కడే కనిపిస్తాడు. మన ఉత్సవ సంచికలలో సాధారణంగా మన కవులను, మన పెద్దలను స్మరించుకుంటాము. ఈసారి మేము ఒక హంగేరీ దేశీయుని గురించి రాయదలచాము. ఆయన కథ పండ్లతో మొదలై మిరపకాయ దగ్గర మలుపు తిరుగుతుంది గనుక మన ఇళ్లవారికి అది పరాయి కథ అనిపించదని మా నమ్మకం.

ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి 1893 సెప్టెంబరు 16న బుడాపెస్టు నగరంలో పుట్టారు. ఆయన మేనమామ లెన్‌హోషెక్ పేరు మోసిన శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. చిన్నతనంలో ఆల్బర్టుకు పుస్తకమంటే గిట్టేది కాదు. మేనమామ ఆయనను మొద్దు కింద జమకట్టారు. పదహారేండ్ల ప్రాంతంలో ఏమయిందో గాని చదువు మీద ఆకలి పుట్టింది. మొదటి పరిశోధన మేనమామ దగ్గరే, అదీ మలద్వారపు పొర మీద! మేనమామకు మూలవ్యాధి ఉండడమే కారణం. ఎన్నో ఏండ్లుగా బడిపిల్లల మధ్య బతికిన మాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. మొద్దు అని ముద్ర పడిన పిల్లలను ఎందరినో చూశాము మరి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన సైన్యంలో వైద్యసేవ చేసి, శౌర్యపతకం కూడా పొందారు. అయితే ఆ మారణహోమాన్ని చూసి విసిగి, 1916లో తన చేతిని తానే తుపాకీతో కాల్చుకుని ఇంటికి తిరిగివచ్చారు. ఇది తప్పో ఒప్పో మేము తీర్పు చెప్పము. 1917లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. యుద్ధం తరువాత దేశం చితికిపోయింది. పని వెదుక్కుంటూ భార్యాబిడ్డలతో ప్రాగ్, బెర్లిన్, లైడెన్ తిరిగి చివరకు హాలెండులోని గ్రోనింగెన్ చేరారు.

కోసిన పండు ప్రశ్న అక్కడే పుట్టింది. పండు తెగినప్పుడు కణాలు పగిలి, లోపల విడివిడిగా ఉండే పదార్థాలు కలుస్తాయి. ఒక ఎంజైము సాయంతో ప్రాణవాయువు వాటిని ఆక్సీకరిస్తుంది. ఆ గోధుమరంగు దాని ఫలితమే. రంగు మారని మొక్కల సంగతి ఏమిటి? వాటి రసంలో పెరాక్సైడు కలిపి రంగు పరీక్ష చేస్తే నీలిరంగు వెంటనే రాలేదు, కొద్దిపాటి ఆలస్యం కనిపించింది. రసంలో ఏదో ఒకటి ఆక్సీకరణాన్ని వెనక్కి లాగుతున్నదని, అది అయిపోయిన తరువాతనే రంగు వస్తున్నదని ఆయన గ్రహించారు. మరొకరైతే క్షణకాలపు ఆలస్యాన్ని లెక్కచేసేవారు కారు.

ఇంతలో గ్రోనింగెన్‌లో ఆదరించిన ఆచార్యుడు మరణించారు. కొత్తగా వచ్చినవారికి ఈ పనిపై ఆసక్తి లేదు. ఆయన భార్యను, కూతురును పుట్టింటికి పంపి, శాస్త్రానికి నమస్కారం పెట్టేద్దామనుకున్నారు. వెళ్లేముందు 1926లో స్టాక్‌హోములో జరిగిన శరీరధర్మ శాస్త్ర మహాసభకు హాజరయ్యారు. అధ్యక్షోపన్యాసంలో కేంబ్రిడ్జి ఆచార్యుడు హాప్కిన్స్ ఈ అనామకుని పేరు మూడుసార్లు ఎత్తారు. సభ అయ్యాక ధైర్యం చేసి పరిచయం చేసుకోగా, ఆయన కేంబ్రిడ్జికి రమ్మన్నారు. ఆ మూడు మాటలే లేకపోతే ఈ కథ అక్కడితో ముగిసేదే.

కేంబ్రిడ్జిలో ఆయన పశువుల అడ్రినల్ గ్రంథుల నుండి, నారింజ, క్యాబేజీల నుండి ఆ పదార్థాన్ని విడదీశారు. అది చక్కెరల జాతిదని తెలిసింది గాని నిర్మాణం తెలియదు. అందుచేత చమత్కారంగా, తెలియదు అనే అర్థం వచ్చేట్టు ఇగ్నోజ్ అని పేరు పెట్టారు. పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదు. దేవుడికే తెలుసు అనే అర్థంలో గాడ్‌నోజ్ అంటే అదీ కుదరలేదు. చివరకు 1928లో హెక్జురోనిక్ ఆమ్లం అనే పేరుతో అచ్చయింది.

ఓడల మీద నావికుల చిగుళ్లు చీకి రక్తం కారే స్కర్వీ జబ్బు సంగతి వేరే దారిలో నడుస్తున్నది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు నారింజ, నిమ్మ పండ్లతో అది తగ్గుతుందని చూపించారు. మన మారిషస్ దీవిలో డచ్చి ఓడలు ఆగిపోతూ ఉండడానికి తాజా ఆహారం కూడా ఒక కారణమే. ఆ పండ్లలోని గుణానికి తరువాత విటమిన్ సి అని పేరు పెట్టారు గాని, అది ఏ పదార్థమో ఎవరికీ తెలియదు.

సెగెద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన తరువాత ఆయన వద్దకు అమెరికా నుండి స్విర్బెలీ అనే యువకుడు వచ్చాడు. ఇద్దరూ హెక్జురోనిక్ ఆమ్లాన్ని గినీ పందులకు పెట్టి చూశారు. మనుషులలాగే ఆ జంతువులు కూడా విటమిన్ సి ని ఒంట్లో తయారు చేసుకోలేవు. మందు పెట్టినవి బతికాయి, పెట్టనివి స్కర్వీతో చచ్చాయి. రెండూ ఒకే పదార్థమని 1932లో తేలింది. అదే నెలలో, కొద్ది రోజుల ముందే, అమెరికాలో కింగ్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఇదే సంగతి ప్రకటించారు. మొదట ఎవరు అనే తగవు చాలాకాలం సాగింది.

పరీక్షలకు కావలసినంత పదార్థం దొరకడమే కష్టమైంది. సెగెద్ ఊరు పాప్రికా మిరపకు ప్రసిద్ధి. ఒక రాత్రి భార్య భోజనంలో తాజా పాప్రికా వడ్డించారు. తినాలనిపించక, దీనిని పరీక్షించనే లేదే అని గుర్తుకు వచ్చి, చేతబట్టుకుని ప్రయోగశాలకు వెళ్లారు. అర్ధరాత్రికల్లా నిధి దొరికింది! కొద్ది వారాలలో కిలోకు పైగా విటమిన్ తీశారు. దానిని బర్మింగ్‌హాములో హావర్త్‌కు పంపగా 1933లో నిర్మాణం తేలింది. పేరు ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే స్కర్వీని పోగొట్టేది. ఆ పాప్రికా, మన గుంటూరు మిరప ఒకే జాతివి. సమాన తూకంలో పచ్చిమిరపలో నారింజ కంటే విటమిన్ సి ఎక్కువ. ఎండబెడితే చాలావరకు పోతుంది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఇటువంటి పదార్థాలను యాంటీ ఆక్సిడెంట్లు అంటున్నారు. ప్రాణవాయువు శత్రువు, ఇవి మిత్రులు అన్నట్లు ప్రకటనలు వస్తుంటాయి. పండు సంగతి అలా లేదు. పండేటప్పుడు దానిలో హైడ్రోజన్ పెరాక్సైడు కొంత పెరుగుతుంది, పండడానికి అది ఒక సంకేతం కూడా. విటమిన్ సి దానిని హద్దులో ఉంచుతుంది. హద్దు తప్పితే చెడుతుంది. బొగ్గుపులుసు వాయువు ఎక్కువైన గిడ్డంగులలో ఉంచిన బేరిపండ్లలో విటమిన్ సి తగ్గిపోతే పైకి నిగనిగలాడుతూనే లోపలి గుజ్జు గోధుమరంగుకు తిరుగుతుంది. మనుషులలోనూ మాత్రలు ఎక్కువైతే మేలని చెప్పలేము. ఫిన్లాండులో 29,000 మందికి పైగా పొగతాగే పురుషులపై జరిపిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ఎక్కువగా వచ్చిందని 1994లో వెల్లడైంది. సెంట్ జ్యోర్జి కూడా పాప్రికా, నిమ్మలలోని మరో రకం పదార్థాలకు 1936లో విటమిన్ పి అని పేరు పెట్టారు. తరువాత అది విటమిన్ కాదని తేలింది.

ఆయన తన నోబెల్ స్వర్ణపతకాన్ని ఫిన్లాండు యుద్ధ బాధితుల సహాయానికి ఇచ్చేశారు. 1943లో ఉపన్యాసం నెపంతో ఇస్తాంబుల్ వెళ్లి, హంగేరీని హిట్లరు పట్టునుండి విడిపించే మార్గం కోసం బ్రిటిషువారితో రహస్యంగా మాట్లాడారు. సంగతి జర్మనులకు తెలిసింది. యుద్ధం ముగిసేదాకా ఆయన రహస్యంగా బతకవలసి వచ్చింది, స్వీడన్ దౌత్యకార్యాలయం ఆయనకు మారుపేరుతో పాస్‌పోర్టు ఇచ్చింది. 1947లో అమెరికా చేరి, మసాచుసెట్స్ సముద్రతీరాన వుడ్స్‌హోల్‌లో స్థిరపడ్డారు. కండరం ఎలా ముడుచుకుంటుందో, క్యాన్సరు ఎలా పుడుతుందో తెలుసుకోవాలని చివరిదాకా పనిచేశారు. క్యాన్సరు విషయంలో ఆయన ఊహలు చాలావరకు రుజువు కాలేదు. 1986 అక్టోబరు 22న, 93 ఏండ్ల వయసున అక్కడే కన్నుమూశారు. సెగెద్‌లోని వైద్యకళాశాలకు ఆయన పేరే పెట్టారు.