రోజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలు

మహాత్మా గాంధీ జీవితాన్ని గురించి మీకు కొత్తగా చెప్పవలసింది ఏమున్నదని అడగవచ్చు. ఉప్పు సత్యాగ్రహం, రాట్నం, నిరాహార దీక్షలు మనమందరం బడిలో చదువుకున్నవే. ఈ ప్రత్యేక సంచిక కోసం నేను ఎంచుకున్నది ఆ మహనీయుని జీవితంలోని మరొక పార్శ్వం. మనం స్థిరపడిన ఈ దేశంలోనే, ఈ లండన్ నగరంలోనే, పందొమ్మిదేళ్ళ యువకుడొకడు ఆకలితో వీధులు తిరిగి, కొద్దిపాటి డబ్బుతో కడుపు నింపుకోవడం ఎలాగో నేర్చుకున్నాడు. వైద్యురాలిగా నన్ను ఆకర్షించిన కథ అది.

1888 సెప్టెంబరు 4న మోహనదాసు బొంబాయిలో ఓడ ఎక్కారు. మద్యాన్ని, మాంసాన్ని, పరస్త్రీని ముట్టనని తల్లి పుత్లీబాయి తృప్తి కోసం ఒక జైన సాధువు సమక్షంలో ప్రమాణం చేసి బయలుదేరారు. ఓడలో వడ్డించే పదార్థాలలో మాంసం లేనివేవో సేవకుణ్ణి అడగడానికి బిడియం. కత్తి, ముల్లు చెంచా పట్టుకోవడం రాదు. ఇంటినుండి తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతోనే గదిలో కూర్చుని ఎక్కువ రోజులు గడిపారు.

ఈ దేశంలో అడుగుపెట్టిన తరువాత రిచ్మండ్‌లో ఒక మిత్రుని వద్ద కొంతకాలం ఉన్నారు. ఉదయం ఓట్ల జావ కడుపు నింపేది. మధ్యాహ్నం, రాత్రి మాత్రం ఉప్పూ కారమూ లేని ఉడికించిన పాలకూర, రొట్టె, జాము. రెండు మూడు రొట్టె ముక్కలకు మించి అడగడం మర్యాద కాదేమోనన్న సంకోచం ఆయనది. పాలు ఆ రెండు పూటలా ఉండేవి కావు. పశ్చిమ కెన్సింగ్టన్‌లో వేరొక ఇంట చేరిన తరువాత కూడా అదే పరిస్థితి. ఆ ఇంటి యజమానురాలి కుమార్తెలు గమనించి, మరొక ముక్కో రెండో వడ్డించేవారు. ఆ యువకునికి కావలసింది మొత్తం రొట్టె అని పాపం వారికి తెలియదు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసిందిగా నా ప్రార్థన. అన్నగారు పంపే డబ్బు చేతిలో ఉంది, బల్ల మీద రొట్టె ఉంది, అయినా కడుపు నిండలేదు. అడ్డుపడింది సిగ్గు. మన ఊరికి చదువు కోసం వచ్చే తెలుగు పిల్లలను మన దేవాలయంలో అన్నప్రసాదం వేళ గమనించండి. ఇంటి అద్దె, ఫీజు చెల్లించగా మిగిలిన కొద్ది డబ్బులో వారు ముందుగా కోత పెట్టేది తిండికే. అయినా రెండవసారి వడ్డించమని నోరు తెరచి అడిగేవారు అరుదు.

మోహనదాసు శాకాహార భోజనశాల కోసం వెదుకుతూ రోజుకు పది పన్నెండు మైళ్ళు నడిచేవారు. దారిలో చౌక హోటల్లో రొట్టెతో కడుపు నింపుకొనేవారు, తృప్తి కలిగేది కాదు. చివరకు ఫారింగ్డన్ వీధిలో అటువంటి భోజనశాల కనబడింది. ద్వారం వద్ద అమ్మకానికి పెట్టిన పుస్తకాలలో హెన్రీ సాల్ట్ శాకాహారాన్ని సమర్థిస్తూ రాసిన గ్రంథాన్ని ఒక షిల్లింగుకు కొని, లోపలికి వెళ్ళి భోజనం చేశారు. ఇంగ్లండు చేరిన తరువాత ఆయన తృప్తిగా తిన్న మొదటి భోజనం అదే.

తరువాత సుమారు మూడు నెలలు ఆంగ్ల దొర కావాలన్న మోజు పట్టింది. బాండ్ వీధిలో పది పౌన్లకు సూటు, 19 షిల్లింగులకు పొడవాటి టోపీ, నాట్యానికి, వయొలిన్‌కు పాఠాలు. మోజు తీరిన తరువాత కూడా ఒక అలవాటు మిగిలింది: లెక్క రాయడం. బస్సు ఛార్జీ, తపాలా బిళ్ళ, వార్తాపత్రిక, ఏ చిన్న ఖర్చునైనా రాసి, రాత్రి నిద్రకు ముందు నిల్వ సరిచూసుకొనేవారు. అన్నగారి కష్టార్జితం ఖర్చవుతున్నదన్న స్పృహ ఆ లెక్కలలో కనబడుతుంది.

లండన్ మురికివాడలలో వారానికి రెండు షిల్లింగుల గదిలో ఉంటూ, లాక్‌హార్ట్ వారి చౌక కోకో గదులలో పూటకు రెండు పెన్నీల రొట్టె, కోకోతో బ్రతికే నిరుపేదలను గురించి ఆయన చదివారు. రెండు గదులు వదిలి ఒక గదికి మారారు. ఒక పొయ్యి కొన్నారు. ఉదయం ఓట్ల జావ, కోకో. రాత్రి రొట్టె, కోకో. మధ్యాహ్నం బయట భోజనం. శాకాహార భోజనశాలలో సంపన్నుల విభాగంలో భోజనానికి ఒకటి రెండు షిల్లింగులయ్యేది. మరొక విభాగంలో ఆరు పెన్నీలకే మూడు పదార్థాలు, ఒక రొట్టె ముక్క పెట్టేవారు. పొదుపు రోజులలో ఆయన కూర్చున్నది అక్కడే. ఈ విధంగా రోజు గడవడానికి ఒక షిల్లింగు మూడు పెన్నీలు సరిపోయేవి. ఆనాటి పౌనుకు 240 పెన్నీలు గనుక, ఒక పౌనుతో 16 రోజులు. టోపీకి పెట్టిన డబ్బుతో రెండు వారాలు దాటి గడపవచ్చునన్నమాట!

ఆ పట్టికను వైద్యురాలి కంటితో చూస్తే నాకు పెద్ద లోపం కనబడదు. ఓట్లు బలమైన ధాన్యం, మధ్యాహ్న భోజనం వేడిగా, నియమంగా దొరికేది, పైగా రోజూ నడక. ఇంటినుండి తెప్పించుకున్న మసాలాలు మానిన తరువాత, రిచ్మండ్‌లో చప్పగా తోచిన పాలకూరే రుచించసాగింది. రుచికి స్థానం నాలుక కాదు, మనస్సు అని ఆయన గ్రహించారు. అయితే ఒక భేదాన్ని మనం మరువరాదు. ఆయన ఇష్టపూర్వకంగా ఖర్చు తగ్గించుకున్నారు, అవసరమైతే ఆదుకోవడానికి అన్నగారున్నారు. కోకో గదిలో కూర్చున్న కూలివానికి ఆ వెసులుబాటు లేదు. ఆ సంగతి యువకుడైన గాంధీకి తెలియకపోలేదు. 1891లో లండన్‌లోని శాకాహారుల పత్రికకు రాసిన వ్యాసాలలో, భారతదేశంలో రొట్టె, ఉప్పు మాత్రమే తిని బ్రతికే పేదలున్నారనీ, ఆ ఉప్పు మీద కూడా భారీ పన్ను ఉన్నదనీ ప్రస్తావించారు. దండికి నడిచింది 39 ఏళ్ళ తరువాత.

దక్షిణాఫ్రికాలో ఫీనిక్స్, టాల్‌స్టాయ్ ఆశ్రమాల ప్రయోగాలను విస్తరించను. 1912లో పాలు మానేశారు. 1918లో ఖేడా జిల్లాలో వేరుశనగ ముద్ద, నిమ్మరసంతో కాలం గడుపుతూ సైనికుల నియామకం కోసం తిరుగుతుండగా, తీవ్రమైన జిగట విరేచనాలు పట్టుకుని మరణం అంచుల దాకా వెళ్ళారు. వైద్యులు పాలు తాగమన్నారు. వ్రతం అడ్డు వచ్చింది. ప్రమాణ సమయంలో ఆయన మనస్సులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా, మేకపాలు తాగవచ్చునన్న ఉపాయం కస్తూరిబా చెప్పారు. ఆ రాజీ ఆయనను జీవితాంతం బాధించింది. నా వరకు నేను కస్తూరిబా పక్షమే.

1934 తరువాత వార్ధాలో ఆయన దృష్టి గ్రామీణుని కంచం మీదికి మళ్ళింది. దంపుడు బియ్యం, బెల్లం, పచ్చి ఆకుకూరలు తినమని ప్రచారం చేశారు. ఇందులో మన తెలుగువారికి ప్రత్యేకమైన పాఠం ఉంది. మర పట్టిన తెల్లని పచ్చి బియ్యమే ప్రధానాహారమైన మన కోస్తా జిల్లాలు ఆ రోజులలో బెరిబెరి వ్యాధికి నిలయాలు. తవుడుతో పాటు విటమిన్ బి1 పోయేది. పొరుగున ఉప్పుడు బియ్యం తినే తమిళులకు ఆ బెడద అంతగా లేదు. ఉడకబెట్టి ఎండబెట్టేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తెల్లని అన్నమే గౌరవమనుకున్న మనం, ధర పెట్టి మరీ జబ్బు కొనుక్కున్నాం.

1942లో ఆగాఖాన్ భవనంలో బందీగా ఉండగా ఆరోగ్యంపై రాసిన చిన్న గ్రంథంలో, కాయకష్టం చేయని మనిషికి ఒక రోజు ఆహారం లెక్క కట్టారు. పాలు 2 పౌన్లు, ధాన్యాలు 6 ఔన్సులు, ఆకుకూరలు 3, ఇతర కూరలు 5, పచ్చివి 1, కొంత నెయ్యి, కొంత బెల్లం. పండ్లు మాత్రం రుచిని, స్తోమతను బట్టి. రోజుకు రెండు పౌన్ల పాలు ఏ కూలివాని ఇంట దొరుకుతాయని మీరు ప్రశ్నించవచ్చు. పాలకు బదులు కాగల వృక్షజాతి పదార్థమేదైనా ఉంటే చెప్పమని ఆయనే ఏళ్ళ తరబడి వైద్యులను అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన కన్నుమూసిన 1948లోనే శాస్త్రజ్ఞులు విటమిన్ బి12ను వేరుచేశారు. మొక్కల నుండి లభించని ఆ పదార్థం శాకాహారులకు పాలు, పెరుగుల నుండే అందుతుంది. పాలకు ప్రత్యామ్నాయం ఆయనకు దొరకకపోవడానికి గల కారణాలలో ఇదొకటి.

శాకాహారులైన విద్యార్థులు ఖర్చుకు వెరచి ముందుగా మానేసేది పాలూ పెరుగులనే. నీరసం, అరికాళ్ళ తిమ్మిరి అని ఎవరైనా చెబితే రక్తపరీక్షకు పంపండి. వారు మీ ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు పెరుగు గిన్నెను వారి విస్తరి దగ్గరకు జరపండి. వారంతట వారు అడగరు.